సర్ది ఎటు పోయింది?

మొన్న నా బిడ్డకు సర్ది పట్టి ముక్కు దిబ్బడేస్తే, అన్నం వండే కరెంటు కుక్కర్‌లోనే నీళ్లు పోసి వావిలాకు, పసుపు వేశాను. మూత తీయగానే వచ్చిన ఘాటు వాసన నన్ను మోర్తాడ్‌లోని మా వంటింట్లో నిలబెట్టింది.

అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అప్పట్లో ఇంటికి కొత్తగా వచ్చిన కరెంటు కుక్కర్‌తో అవ్వ నాకూ ఇట్లాగే ఆవిరి పట్టింది. దుప్పటి తీసేసరికి ముక్కు తెరుచుకుంది. మరి సర్ది ఎటు పోయినట్టు? కుక్కర్‌లోకే పోయి ఉంటుందని తేల్చుకున్నాను. అవ్వ చింతపండు పెట్టి తళతళా తోమినా నా అనుమానం పోలేదు. ఆ పూట అందులో వండిన అన్నం వడ్డిస్తే కంచం పక్కకు నెట్టాను.

"దాంట్ల నా సర్ది ఉన్నదవ్వా, నేను తినను."

అవ్వ గట్టిగా తుమ్మింది.

"అగో, నాకు పట్టింది సూడు. ఇగ కుక్కర్ల ఏం లేదు, తిను."

పాపం అవ్వ అనుకుంటూనే మారు అన్నం పెట్టించుకుని తిన్నాను.

మొన్న నా బిడ్డ కూడా కుక్కర్‌లోకి తొంగిచూసి, "అమ్మా, నా సర్ది ఇందులోకి పోయిందా?" అని అడిగింది. నేను గట్టిగా ఓ దొంగ తుమ్ము తుమ్మాను.

తుమ్మిన తర్వాత గానీ తెలియలేదు, ఆ రోజు అవ్వకు సర్దే పట్టలేదని.