కారు నోరు మూయించిన ఆదివారం

2019 ఆగస్టు 11వ తేదీ, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, నల్లగొండలో కార్ల సీట్లు కుట్టే అఫ్జల్ భాయి దుకాణం ముందు, నా పెళ్ళిని నా చేతులతోనే చెడగొట్టుకునే కార్యక్రమానికి నేను శ్రీకారం చుట్టాను. పాఠకులు నన్ను ఆపవలసిన సమయం అదే. ఆ తరువాత ఎవరు ఆపినా లాభం లేకపోయింది.

ముందుగా నా కారు గురించి మనవి చేయాలి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కారు కొన్న మొదటివాణ్ణీ నేనే. డిగ్రీ కొత్తది, కారు పాతది. తలుపులు గిలక్కాయల వలె మోగేవి. డ్యాష్‌బోర్డు నిద్రలో పళ్ళు కొరికినట్లు ఉండేది. డిక్కీ అయితే ఎవరినో లోపల పెట్టి తాళం వేసినట్లు తన్నుకునేది. వీటన్నిటి కింద రోడ్డు రొద పిండిగిర్ని వలె నిరంతరం సాగేది.

అయినా మా బాపు ఆ కారును ఏనాడూ తప్పుపట్టలేదు. భువనగిరి దగ్గరి మా ఊళ్ళో ఆయన చిన్ననాటి నుండీ చీరలు నేస్తున్నాడు. రోజంతా మగ్గం ఆడే ఇంట్లో రహస్యమైనా సరే అరిచే చెప్పుకోవాలి. ఆ అరుపును మగ్గమే కప్పిపెడుతుంది. కారులోనూ మాకు అదే అలవాటయింది. వెనుక సీటులో పెద్దమ్మను కూర్చోబెట్టుకొని, ముందు సీట్లలో మేమిద్దరం పెద్దమ్మ పిసినారితనం గురించే పూర్తి స్వరంతో చర్చించుకునేవాళ్ళం. పెద్దమ్మకు ఏమీ వినపడేది కాదు. మా ఇద్దరి అన్యోన్యతకు మురిసి చిరునవ్వు నవ్వేది.

ఇట్లా ఉండగా కొల్లాపూర్ నుండి జ్యోతి సంబంధం వచ్చింది. ఆమెను నేను ఒక్కసారే చూశాను, ఒక్కసారే చాలింది. అయితే తండ్రి లేని ఆ అమ్మాయిని పెంచింది మేనమామ రామచంద్రయ్య గారు. ఆయన మా ఇల్లు చూసి సరే అంటేనే పెళ్ళి. నల్లగొండ దాకా ఆయన బస్సులో వస్తారు. అక్కడి నుండి మా ఊరికి నేను తీసుకుపోవాలి. అంతటి పెద్దమనిషిని పిండిగిర్నిలో కూర్చోబెట్టడం మర్యాద కాదని నాకు తోచింది.

అఫ్జల్ భాయి సీట్లు పీకి, తలుపుల అట్టలు విప్పి, నేల మీద, తలుపులలో, డిక్కీలో చప్పుడును మింగే మందపాటి నల్లని షీట్లు అతికించి, రోలరుతో అదిమి అదిమి రుద్దాడు. సాయంత్రానికి పని ముగించి, “జర తలుపేసి చూడుండ్రి సార్. గిప్పుడు మీ బండిల చీమ నడిచినా ఇనవడ్తది” అన్నాడు. నేను దానిని పొగడ్తగా స్వీకరించాను.

మరుసటి ఆదివారం అతిథికి స్వాగతం పలకడానికి బాపు కూడా నల్లగొండ వచ్చాడు. రామచంద్రయ్య గారిని వెనుక సీటులో కాళ్ళు చాపుకొనేటట్లు కూర్చోబెట్టి, మేమిద్దరం ముందు కూర్చున్నాం. కారు పట్టుపరుపు మీద జారినట్లు సాగింది. నార్కట్‌పల్లి దాటిన తరువాత బాపు, రహస్యాలకు మేము వాడే స్వరంతో, అనగా రెండిండ్ల అవతలికి వినిపించే స్వరంతో, నన్ను అడిగాడు.

“ఏందిరా శీనూ, గాయిన బస్సు దిగినప్పటి సంది పల్లీలు నములుడే గని ఒక్క ముచ్చట చెప్తలేడు?”

ఇక్కడ నేను మౌనం వహించి ఉంటే ఈ రచన ఉండేది కాదు. అంతకు తగ్గని స్వరంతో బదులిచ్చాను. “నమలనీ బాపు. మీసాలకు నల్లరంగు ఏసుకున్నడు గని చెవులల్ల వెంట్రుకలు మరిచిండు. తెల్ల బ్రష్షుల లెక్క నిలవడ్డయి, చూసినవా?”

బాపు తొడ చరుచుకొని నవ్వాడు. అంతలోనే ఆయనకు దిగులు పట్టుకుంది. “పిల్లనియ్యనంటే ఎట్లరా?”

“ఇయ్యకుంటే కొల్లాపూర్ల రూం కిరాయికి తీసుకొని రోజు ఆయన ఇంటి ముంగట కూసుంట. ఎన్నొద్దులు ఇయ్యడో చూస్త.”

చెప్పి, యథాలాపంగా అద్దంలోకి చూశాను. రామచంద్రయ్య గారి చెయ్యి నెమ్మదిగా చెవి దగ్గరికి వెళ్ళింది. పల్లీలు నమలడం ఆగింది. ఆగిన తరువాత గానీ, ఇంతసేపూ ఆ నమిలే చప్పుడు నాకు స్పష్టంగా వినిపిస్తూనే ఉందని తెలియలేదు.

బాపుకు ఇవేవీ తెలియవు. “మగ్గం గుంటల వాననీళ్ళు ఊరిన సంగతి గాయినకు చెప్పకు. మీద చాప పరిచిన. మీ అమ్మ చాప మీద బియ్యం బస్త పెట్టింది” అని కుటుంబ వ్యూహాన్ని వివరంగా ప్రకటించాడు.

నేను దగ్గాను. అకారణంగా హారన్ కొట్టాను. రోడ్డు రొద లోపలికి వస్తుందని అద్దం దించితే, ఏసీ పోతుందని బాపు ఎక్కించమన్నాడు. పాట పెడదామంటే, సీట్లు పీకినప్పుడు ఊడిన స్పీకరు తీగను మళ్ళీ కలపలేదు. చివరికి జీవితంలో మొదటిసారి గుంతలను వెతుక్కుంటూ బండి నడిపాను. ఒక్క తలుపు మోగినా మర్యాద దక్కుతుందని ఆశ. ఆ కారు మాత్రం ప్రతి గుంతనూ వెన్నముద్దలా మింగింది.

ఇంటికి చేరగానే రామచంద్రయ్య గారు ఎవరూ దారి చూపకుండానే మగ్గం గదిలోకి నడిచారు. బియ్యం బస్తా పక్కకు జరిపి, చాప ఎత్తి, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంటలో నీళ్ళు చూసి, చాపను ఎట్లా ఉన్నదట్లే పరిచారు. అమ్మ ముఖం తెల్లబోయింది. బాపు నా వైపు, నేను నేల వైపు చూశాం. ఆయన తాపీగా చాయ తాగి, కప్పు కింద పెట్టేదాకా ఎవరమూ కూర్చోలేదు.

“ఇల్లు జూస్తనని వచ్చిన గని, ఇల్లు తొవ్వల, మీ బండిలనే చూసిన అన్నా” అన్నారు బాపుతో. “దాచిపెట్టుడు మీకు చేతగాదు. మా పిల్లకు గసోంటి ఇల్లే కావాలె. ఇగ మీ పిలగాడు కొల్లాపూర్ల రూం తీసుకునుడు ఎందుకు, గా కిరాయి పైసలతోని మగ్గం గుంటకు సిమెంటు ఏయించుండ్రి. మల్ల నన్ను వాపసు పంపేటప్పుడు బస్సే ఎక్కియ్యుండ్రి. మీ బండి ఎక్కితే ఇంకేం ఇనవలసి వస్తదో.”

కనుక, అగ్నిసాక్షిగా జ్యోతి చెయ్యి పట్టుకున్న నేను, అంతే నిష్ఠతో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరే వాహనం నోరూ మూయించను, ఏ పెద్దమనిషి చెవుల గురించైనా చెప్పవలసి వస్తే బండి ఆపి, పత్తిచేను దాటిపోయి, గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని చెబుతాను.

పెళ్ళి ఆ ఏడాది కార్తీకంలో జరిగింది. అప్పటి నుండి మా ఇంట్లో ముఖ్యమైన మాట ఏదైనా చెప్పుకోవలసి వస్తే ముందు మగ్గం ఆపుతున్నాం.