ఘనా దుంగలో ఐదు మొలలు

2019 ఎండాకాలం. మిర్యాలగూడలో ఒక టింబర్ డిపో. దుంగలు చూసి గ్రేడు కట్టడం నా పని. నా బడి నాలుగో తరగతితో ఆగింది. ఇంగ్లిష్ అక్షరాలు నాకు నేర్పినవి బర్మా దుంగల చివర ఉండే హ్యామర్ మార్కులు, అంటే సుత్తెతో కొట్టిన ముద్రలు.

వచ్చిన ప్రతి లోడు నుంచి ఒక బిళ్ల కోయించి షెడ్డు గోడకు కొట్టేవాణ్ణి. ఎడమ గోడ బర్మా టేకు, కుడి గోడ ఘనా టేకు. బర్మా బిళ్లల్లో రింగులు, ఏడాదికొకటి చెట్టు వేసుకునే వలయాలు, వెంట్రుకల్లా దగ్గరగా ఉండేవి. 2014లో ఆ దేశం దుంగలు పంపడం ఆపేసింది. ఎడమ గోడ అక్కడే ఆగింది. కుడి గోడ నిండుతూ పోయింది గానీ బిళ్ల ఏటేటా చిన్నదైంది. చివరికి వచ్చినవి డిపో యజమాని, మా సేటు, కొడుకు కంటే చిన్న వయసు చెట్లు. అయినా బోర్డు మీద ‘అసలు బర్మా టేకు’ చెరగలేదు. నేను అరిచేవాణ్ణి. సేటు నవ్వేవాడు.

వేములపల్లి యాదమ్మ కొత్త ఇంటి దర్వాజ కోసం వచ్చింది. గురువారం ముహూర్తం. తన కళ్ల ముందే కోయాలంది. బ్యాండ్‌సా, అంటే పట్టీలా తిరిగే రంపం, దుంగ మధ్యలో కీచుమని నిప్పులు కక్కి ఆగిపోయింది. చీల్చి చూస్తే లోపల ఐదు ఇనుప మొలలు, కాస్త ఎడంగా ఒకదానిపైన ఒకటి, చుట్టూ నల్లటి మరక. పైన బెరడు మీద మచ్చయినా లేదు.

మిషన్ నడిపే సైదులు వెనక్కి జరిగాడు, దయ్యాన్ని కట్టేసిన మొలలని. వాణ్ణి తిట్టి రింగులు లెక్కపెట్టాను. కింది మొల అన్నిటికంటే లోపల. దాని పైది ఒక రింగు బయటికి. అలా ఏడాదికొకటి. చెట్టు లావెక్కుతుంది గానీ కొట్టిన మొల పైకి జరగదు.

యాదమ్మ ఆ చెక్కను నిలబెట్టించింది. ఒక్కో మొల దగ్గర అరచేయి చాపి, పిల్లల నెత్తిన ఆనించినట్టు పెట్టుకుంటూ వచ్చింది.

“గిది పిల్లగాని ఎత్తు పెద్దయ్యా. మేం గోడకు బొగ్గుతోటి గీస్తుంటిమి.” చెయ్యి ఐదో మొల మీద ఆగింది. “మీదికి ఇంక లేవేంది?”

ఆ మొల తర్వాత పద్నాలుగు రింగులున్నాయి. అన్నీ ఖాళీ.

“ఊరిడిసి పోయుంటరు తియ్యమ్మా,” అన్నాడు సేటు.

“పోతే మంచిదే.” ఆమె నా వైపు తిరిగింది. “నిజం చెప్పు పెద్దయ్యా. గిది బర్మాదేనా?”

సేటు చూస్తుండగానే కాదన్నాను.

ఆమె తన పాత మట్టింటి వేప దర్వాజనే ఊడదీయించి ముహూర్తానికి నిలబెట్టుకుంది. ఇక్కడ డిపోలో వారంలోపే ఆ చెక్కలోని మొలలు పీకి, చిల్లుల్లో లప్పం నింపి, దర్వాజ చేసి రంగు పూసి, బర్మా అని ఎవరికో అమ్మేశారు. ఎవరికని అడిగితే సేటు చెప్పలేదు. ఆ రోజే పని మానేశాను. అప్పటినుంచి కోదాడలోనైనా సూర్యాపేటలోనైనా, ఎవరింటికి వెళ్లినా నా చెయ్యి దర్వాజ మీదికే పోతుంది.

పోయిన నెల అనంతగిరిలో ఒక గృహస్థు ఇంటికి భోజనానికి వెళ్లాను. గుమ్మం కుడి నిలువు మీద ఒక లప్పం మచ్చ వేలికి నున్నగా తగిలింది. దాని పైన ఇంకొకటి. మొత్తం ఐదు. పక్కనే పెన్సిల్ గీతలు, ఆ ఇంటి పాప ఎత్తువి, ఏటికొకటి. చివరి గీత ఐదో మచ్చకు రెండు వేళ్ల కింద ఉంది.

“ఏం చూస్తున్నారు బాబాయ్ గారూ?” అంది ఇంటావిడ.

“ఇది బర్మాది కాదమ్మా,” అన్నాను. ఆ గీతలు ఎప్పుడు గీస్తారని అడిగాను.

రెండు గోడలు పెట్టి రెండు దేశాల కలపను పోల్చానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. బరువు చూశాను, రింగులు చూశాను. ఆ చెట్టుకు ఆనుకుని ఎవరు నిలబడ్డారో యాదమ్మ చెయ్యి పెట్టేదాకా నాకు తోచలేదు. దేశం పేరు మార్చి అమ్మితే దాచేది ధర ఒక్కటే కాదు.

పాపను మళ్లీ ఉగాదికి కొలుస్తారట. ఆ గీత ఐదో మచ్చ దాటడం చూసి రావాలి.