ఇంటికి ఫోన్ చేసిన ఐలయ్య

తొండుపల్లి వడ్రంగి ఐలయ్యకు ఒక్కటే జబ్బు. ఇంటిని అడగనిదే మేకు కొట్టేవాడు కాదు. మనుషులు ఏం చెప్పినా బుద్ధిగా తల ఊపేవాడు. ఆ తర్వాత గోడనో గుమ్మాన్నో వేలికణుపులతో టకటకా కొట్టి, చెవి ఆనించి, "ఇల్లు ఒప్పుకుంటలేదు" అనేవాడు. ఇక అంతే. ఇంటి యజమాని కాళ్లబేరానికి వచ్చినా కదిలేవాడు కాదు.

శంషాబాద్‌లో కాపురముండే భార్గవ్, మృదుల అతనికి అప్పజెప్పింది భీమిలి సముద్రం ఒడ్డున ఉన్న ఇంటి పని. భార్గవ్ ముత్తాత కట్టించిన మేడ. ఆ మేడమీద వరండాకున్న పాత టేకు రెయిలింగును విప్పి, బాగు చేయించడానికి లారీలో తొండుపల్లికి తెప్పించారు. షెడ్డులో దించగానే ఉప్పుగాలి వాసన గుప్పుమంది. భార్గవ్ ఆ చెక్కను తడిమి తడిమి చూశాడు.

"చిన్నప్పుడు ఈ చువ్వల మధ్య కాళ్లు వేలాడేసుకుని ఓడలు లెక్కపెట్టేవాళ్లం, తెలుసా!"

మృదులకు గుండె ఆగినంత పనైంది. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, రెండేళ్ల పాపకు తల్లి. వెంటనే చంకలోని పాపను కిందికి దించి స్కేలు పెట్టింది. చువ్వకూ చువ్వకూ మధ్య ఏడంగుళాలు!

"పాప తల సులువుగా దూరిపోతుంది. ఇనుప జాలీ కొట్టించండి. లేదంటే ఆ ఇల్లు అమ్మేసుకోండి, నేను పాపతో అడుగుపెట్టను."

భార్గవ్ ముఖం వాడిపోయింది. ఐలయ్య గడ్డం గోక్కున్నాడు. "ఇంటిని అడగాలెనమ్మా."

"ఇల్లెక్కడో భీమిలిలో ఉందండీ!"

"ఫోనుంది గదా."

ఆ శనివారం భార్గవ్ భీమిలి వెళ్లి, వరండా గోడకు ఫోను ఆనించి నిలబడ్డాడు. "జర గట్టిగ కొట్టు సార్," అని ఇక్కణ్నుంచి ఐలయ్య. సరిగ్గా అప్పుడే షెడ్డు మీదుగా విమానం. "ఆగు సార్! ఇల్లేదో అంటున్నది, ఇమానం మింగేసింది. మల్ల కొట్టు." నాలుగు విమానాలు పోయాక తీర్పు వచ్చింది. "జాలీ ఒద్దంటున్నది."

మృదులకు ఒళ్లు మండిపోయింది. వారం ఓపిక పట్టి, పని ఆపించేద్దామని పాపను చంకనేసుకుని షెడ్డుకు వెళ్లింది. ఐలయ్య గొంతుక్కూర్చుని ఒక ఖర్బూజను రెయిలింగులోకి బలంగా తోస్తున్నాడు.

"దిష్టి తీస్తున్నారా?"

"కాదమ్మా, గిది పాప తలకాయ. మొన్న మీరొచ్చినప్పుడు నెత్తిమీద చెయ్యివెట్టి కొలత తీస్కున్న. బండి మీద ముప్పై కాయలు వట్టి చూసిన. బండాయన ఒకటే తిట్టుడు."

అప్పుడు గమనించింది మృదుల. రెండేసి పాత చువ్వల మధ్య ఒక కొత్త చువ్వ ఉంది. అదే వంపు, అదే పాత టేకు. ఖర్బూజ ఎక్కడా దూరడం లేదు.

"మరి జాలీ వద్దన్నదెందుకు?"

"జాలీ అంటే పిల్లలకు నిచ్చెన లెక్క. బొక్కలల్ల కాళ్లువెట్టి పైకెక్కుతరు. నిలువు చువ్వలు ఎక్కరాదు."

అంత చదువుకుని కూడా తనకు ఆ సంగతి తట్టలేదు. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్తే మీకు నిద్ర వడుతదా? ఏ జాలీ చూసినా పరేషాన్ అయితరు. గందుకే ఇంటి మీదికి తోసిన. పాపం, ఇల్లు ఎన్ని తిట్లయినా వడ్తది."

"అందరితోనూ ఇంతేనా?"

"నీ ఆలోచన తప్పని మొకం మీద ఎట్లంటమమ్మా?"

పాప ఖర్బూజ మీద అరచేత్తో దబదబా కొట్టింది. ఐలయ్య కత్తి తీశాడు. "ఈ తలకాయ పనైపోయింది బిడ్డా, ఇగ తిందాం." పండు మీది రంపపు పొట్టును లుంగీకి తుడిచి ముక్కలు కోశాడు. పాపకు ఒకటి పెట్టి, మృదుల తాను రెండు తింది. కత్తి కడిగారా అని అడగలేదు.