తొంభై శాతం నీడలో టమాటా నారు

పంటలు వానకు పోతాయి, చీడకు పోతాయి. పెళ్లాం మీద బెంగతో టమాటా నారంతా చంపుకున్నవాణ్ణి మాత్రం సిద్దిపేట చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయి ఉంటాను. పెళ్లైన రెండో ఏటి ముచ్చట. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. నష్టం ఎప్పుడో అయిపోయింది.

మా అత్త కాలు విరిగిందని నా భార్య రజిత హుస్నాబాద్‌లోని పుట్టింటికి బయలుదేరింది. బస్సు కిటికీలోంచి చెప్పింది: "నారు పోసి పోతున్న. జానెడు ఎత్తుకు వచ్చినంక ఫోన్ చెయ్యి, నాటుకు వస్త."

నాకు వినపడింది ఒకటే. నారు ఎంత తొందరగా జానెడైతే, రజిత అంత తొందరగా వస్తుంది. ఆమె లేని ఇంట్లో కుక్కర్ కూడా ఈల వేయడం మానేసింది. వండేవాళ్లు లేరు కాబట్టి అనుకోండి, అయినా నాకు అది బెంగలాగే తోచింది.

మొలకలు కనిపించిన రోజే గాలిదుమారం వచ్చి నారుమడి మీద నీడకు కట్టిన షేడ్‌నెట్‌ను చీల్చేసింది. కొత్తది కొనడానికి దుకాణానికి పరుగెత్తాను.

"యాభై శాతందా, తొంభై శాతందా?" అన్నాడు దుకాణదారు.

బడిలో ముప్పై ఐదు దాటి ఎరగనివాణ్ణి. తొంభై శాతం దానంతటదే చేతికి వస్తుంటే వదులుతానా?

"తొంభైదే ఇయ్యి సేటు!"

"నారుకు యాభై సాలు గద అన్నా?"

"మా నారుకు తక్కువది నడవదు!"

ఆ శాతం లోపలికి వచ్చే వెలుతురుది కాదనీ, బయటే ఆగిపోయే ఎండదనీ ఎవడికి తెలుసు? ఆ నల్లటి నెట్ కింద పట్టపగలే మసక చీకటి. అయినా నారు ఏం పెరిగిందనుకున్నారు! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచేవాణ్ణి.

"బెత్తెడు అయినయ్ రజితా!"

"గప్పుడేనా?"

"అంత నా చేతి సలువ!"

పద్దెనిమిదో రోజున జానెడు అయింది. "నువ్వు వచ్చెయ్యి," అన్నాను. సిగ్గెందుకు, కళ్లు తడిశాయి.

తెల్లారి వచ్చింది. బస్టాండు నుంచి నేరుగా మడి దగ్గరికే నడిచి నెట్ ఎత్తింది. మొక్కై వంగనిది మానై వంగదంటారు. మావి మొక్కలప్పుడే వంగి పడుకున్నాయి, మానుదాకా ఆగలేదు. పాలిపోయి, దారాల్లా సన్నగా, వెలుతురు వచ్చే అంచువైపు వాలి ఉన్నాయి.

"ఇవి పెరిగినయా? ఎండ కోసం మెడలు సాపినయ్! గిట్ల మెడ సాపవట్టి ఎన్ని దినాలాయె?"

"నువ్వు పోయిన కాడినుంచి," అన్నాను.

రజిత నా మొహంలోకి చూసింది. అడిగింది నారు సంగతి, నేను చెప్పింది నా సంగతి అని అర్థమైంది. గట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రమ్మంటే రాకపోదునా? దానికి నారును సంపుడెందుకయ్యా?"

యాభై శాతం నెట్ తెప్పించి, మళ్లీ విత్తనం పోసి, మాపటికి తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో రోజు ఫోన్ చేసి, నారు ఊసెత్తకుండా "యాదికొస్తున్నవ్" అన్నాను. పొద్దుగూకకముందే గడపలో ఉంది.

కనుక పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ నా బెంగను టమాటా నారుతో చెప్పించను. నేనే చెప్పుకుంటాను.