సిమెంట్ పూసిన న్యాయస్థానం గోడ

2008లో ఒమాన్‌లోని సమాయిల్ దగ్గర ఒక పాత న్యాయస్థానం మరమ్మతు పనికి నేను సైట్ ఇంజినీరుని. మట్టి ఇటుకల గోడలు, ఖర్జూరపు దూలాల కప్పు. ఒకప్పుడు ఖాజీ కింది గదిలో చాప మీద కూర్చుని తగవులు వినేవాడట.

ఆ గది గోడ అడుగున పెచ్చులూడాయి. అక్కడ పూయాల్సింది సరూజ్, అంటే కాల్చిన మట్టితో చేసే పాతకాలపు గార. అది ఆరడానికి వారాలు పడుతుంది. ఇన్‌స్పెక్షన్ చూస్తే నెత్తి మీదికొచ్చింది. సిమెంట్ పూసేయమన్నాను.

జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ మల్లయ్య కదల్లేదు.

"మట్టిగోడకు సిమెంట్ వద్దు సార్. లోపటి తడి బయటికి రాదు. మా ఇంట్ల గిట్లనే చేస్తె గోడ కూలింది."

"ఇంజినీరువి నువ్వా, నేనా?" అన్నాను. అప్పట్లో నాకు నోటి దురుసు ఎక్కువ. అతను సిమెంట్ కలిపి పూశాడు.

ఇన్‌స్పెక్షన్ గడిచింది. నెల తిరక్కుండానే సిమెంట్‌కి పైన గోడ చెమ్మగిల్లి, పగులు కనిపించింది. పక్క తోటకు పారే నీటి తడి గోడలోకి ఎక్కి, బయటపడే దారి లేక పైకి పాకింది. పగులుకు అడ్డంగా టెల్‌టేల్ అంటించాం. అదొక సన్నని గాజుపలక, గోడ కదిలితే విరుగుతుంది. మర్నాడు పొద్దున చూస్తే రెండు ముక్కలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

గోడ కూలినా కప్పు పడకుండా మోసే ఇనుప జాకీలు నిలబెట్టడానికి మల్లయ్యే లోపలికి వెళ్లాడు. దూలం కిర్రుమన్నప్పుడల్లా "బయటికి రావయ్యా!" అని అరిచాను. అన్నీ బిగించాకే వచ్చాడు.

సాయంత్రం మేనేజర్ వచ్చాడు. "ఈ సిమెంట్ ఎవరు పూశారు? వాణ్ని ఇంటికి పంపేయండి" అన్నాడు హిందీలో.

"నేనే పూసిన సాబ్" అన్నాడు మల్లయ్య. పూయమన్నది ఎవరో చెప్పలేదు. నా వైపు చూడనైనా లేదు.

నా భార్యాబిడ్డలు ఒమాన్‌కి వచ్చి అప్పటికి నెలే అయింది. ఉద్యోగం పోతే వాళ్లూ వెనక్కి వెళ్లాల్సిందే అనుకుంటూ జాకీల వైపు తిరిగాను. మేనేజర్ కారు తలుపు తీస్తుంటే వెనకాలే పరిగెత్తాను.

"పూయమన్నది నేను. అతను వద్దనే చెప్పాడు."

నన్ను ఆ పని నుంచి తీసి అల్ అమెరాత్‌లో విల్లాల సైట్‌కి మార్చారు. మల్లయ్య ఉద్యోగం నిలిచింది. వెళ్లేముందు అతన్ని కలిసి క్షమించమన్నాను.

"జాకీలు పెడుతుంటె నా కాళ్లు గజగజ వణికినయ్ సార్" అన్నాడు. "ముందుగాల్నే నా మాట ఇంటె అయిపోతుండె గద."

ఇప్పుడు ఏ గోడ ముట్టుకునే ముందైనా మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. "మీకే తెలుసు సార్" అని తప్పుకోబోతే, నాకు తెలియదని చెబుతాను.