మిరపకాయ ముట్టని చేతులు

మొన్న తెల్లవారుజామున మా అక్క పోయింది. తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నాకు తోటికోడలు. గుండెల్లో నొప్పంది, మంచినీళ్లు అడిగింది. నేను గ్లాసు తెచ్చేసరికి లేదు. అంత తొందరేమొచ్చిందో ఆ మహాతల్లికి! ఇంకా ఆమె మీద కోపంగానే ఉంది నాకు.

తొంభైల చివర్లో, నేను కాపరానికొచ్చిన కొత్తలో, పత్తికట్టె నరుకుతుంటే నరికిన మోడొకటి పాదంలో దిగబడింది. చీము పట్టాక దర్శి ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరుగారు కోసి, శుభ్రం చేసి, కట్టు కట్టారు. రోజూ కట్టు మార్చాలని, మళ్లీ చీము పడితే పాదం దక్కడం కష్టమని చెప్పారు. నేను ఒకటే ఏడుపు.

"ఏడిస్తే మానుద్దా పుండు? నేనున్నాగా, ఊరుకో" అంది అక్క.

అవి మిరపకోతల రోజులు. కాయ కోసిన చేతుల్ని ఎంత కడిగినా మంట పోదని మిరపచేను ఎరిగిన మీకు చెప్పక్కర్లేదు. మొదటిరోజు మా అత్తగారు చేలోంచి వస్తూనే, పాపం ప్రేమగానే, కట్టు విప్పి పుండు తుడిచారు. నా కేకకి వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. మర్నాటినుంచి అక్క కోతకి పోలేదు. ఇంట్లో కారం డబ్బా కూడా ముట్టుకోలేదు. కోతలంటే, అక్కడి కబుర్లంటే ప్రాణం ఆమెకి. తోటివాళ్లు పిలిస్తే, "మీరు పొండమ్మా, మా మహారాణిగారికి పాదసేవ చెయ్యాలి" అనేది.

సబ్బుతో చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్లతో పుండు తుడిచి, వంగి వాసన చూసేది. ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. అత్తగారు పసుపూ సున్నం కలిపి తెస్తే, "మన వైద్యం వద్దత్తయ్యా, డాక్టరు తిడతాడు" అని గుమ్మంలోనే ఆపేసేది. గుడ్డు తింటే చీము పడుతుందని ఇంట్లో పథ్యం. అక్క అన్నం కింద గుడ్డు దాచిపెట్టి, "తలెత్తకుండా తిను" అని గదమాయించేది. పుండు అడుగున ఎర్రగా కొత్త కండ కనపడ్డ రోజు నాకంటే ముందు ఆమే ఏడ్చింది.

మొన్న మధ్యాహ్నం పాడె లేచింది. మాలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. వీధి చివర అందరూ ఆగారు. నేను ఆగలేదు.

"ఎక్కడికే?" అంటూ అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఈ కాలు ఆమెది అత్తయ్యా" అన్నాను.

అత్తగారు చెయ్యి వదిలేశారు. చేల మధ్య బండిదారిలో, చెప్పుల్లేకుండా, మగవాళ్ల వెనకే నడిచాను.