పాటకు మూడు ఆదివారాలు

సహోదరులారా, మా గిటారు మాస్టరు మంగళవారం పొద్దున ఆండర్సన్‌పేటలోని తన ఇంట్లో కన్ను మూశారు. బంగారు గని మూతపడేదాకా భూమి అడుగున కప్పు కూలకుండా కొయ్యలు ఆనించిన మనిషి. ఆ తరువాత మా ప్రార్థన మందిరంలో, ఆదివారం ఆరాధన ముగిశాక, గిటారు నేర్పారు. చివరి ఏడాది రెండు మాటలకొకసారి దగ్గేవారు.

ఆయనది ఒకటే నియమం. పాటకు మూడు ఆదివారాలు. నాలుగో ఆదివారం, వచ్చినా రాకపోయినా, కొత్త పాట. "గనిలో కప్పు నిలబడేంత కొయ్య పెట్టినామా, ముందరికి పోవాల. ఆ కొయ్యకి పాలిష్ కొడతా కూచుంటే బంగారు యాడ దొరకతాదప్పా?"

నేను మాత్రం లొంగలేదు. బడి చదువు లేకపోయినా గ్రంథం చంకన పెట్టుకుని నంగలి దాకా బోధించి వచ్చినవాణ్ణి, నాకొకరు చెప్పాలా? నేర్చుకున్న క్రిస్మస్ పాటలో ఎఫ్ కార్డ్ అనే స్వరాల పట్టు దగ్గర నా చూపుడువేలు ఆరు తీగలనూ అణచలేకపోయేది. అది శుభ్రంగా పలికేదాకా కదలనన్నాను. ఏడాది గడిచింది. మాస్టరు తన మోటు వేలితో నా వేలిని నొక్కి చూపేవారే గానీ ఒక్కనాడూ విసుక్కోలేదు. అంత ఓర్పు నేను ఏ బోధకునిలోనూ చూడలేదు. నాలో అసలే లేదు.

వేసవిలో ఆయన మంచం పట్టారు. చూడ్డానికి వెళితే, "నన్ను పూడ్చేనాడు నువ్వే వాయించాల. సమాధికాడ పాడే పాట ఇప్పుడే మొదలుపెట్టు" అన్నారు.

"ఎఫ్ రానీండి మాస్టరూ. దేవుని ముందర కుంటి గొర్రెను బలి పెట్టచ్చునా?"

"కుంటిది వద్దంటాడు, సరే. గొర్రే తోలుకొని రాకపోతే ఏమంటాడు పాస్టరప్పా?" నవ్వబోయి దగ్గారు. దగ్గు ఆగాక, "నాకి టైం లేదప్పా. ఇంగ చాలు, దాన్ని ఇడ్సిపెట్టు" అన్నారు.

ఈ కొండ దగ్గర మీరున్నది చాలు, లేచి కదలండని దేవుడు ఇశ్రాయేలీయులతో అన్నాడని ఎన్ని వీధుల్లో గొంతు చించుకున్నాను! ఇంటికి వచ్చి మళ్లీ ఎఫ్ పట్టాను.

బుధవారం సమాధి దగ్గర ఆయన కూతురు నా వైపు చూసింది. "మొదలుపెట్టన్నా. నువ్వు వాయిస్తావనే నాయన చెప్పినాడు."

ఆ పాట నాకు ఒక్క వరుస కూడా రాదు. వచ్చింది క్రిస్మస్ పాట ఒక్కటే. అందులో ఎఫ్ ఇప్పుడు గంటలా మోగుతుంది. రాదని తల అడ్డంగా ఊపాను. ఆమె తానే ఎత్తుకుంది. గొంతు పగిలింది. ఆడవాళ్లు అందుకుని ముందుకు తీసుకుపోయారు.

పాట సాగుతుండగానే ఒక్కొక్కరూ వంగి, పిడికెడు మట్టి వేసి పక్కకు జరిగారు. నా వంతు వచ్చింది. రెండు చేతులా గిటారు పట్టుకుని గుంట అంచున నిలబడి ఉన్నాను.